మెగా పీటీఎంలో ఒక అరగంట అడుగుతున్నాను

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి శ్రీ నారా లోకేశ్ గారికి బహిరంగ లేఖ

లోకేశ్ గారూ,

కడప జిల్లా వేముల మండలం నుంచి రాస్తున్నాను. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో ఒకే రోజున మెగా పీటీఎం పేరుతో తల్లిదండ్రులనూ టీచర్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. 2025 జులై 10న రెండోసారి జరిపినప్పుడు ముఖ్యమంత్రి గారితో కలిసి మీరు మా పక్క జిల్లాలోని కొత్తచెరువు బడికి వచ్చారు. పిల్లలు కూర్చునే బెంచీల మీద వాళ్ల అమ్మానాయనలు కూర్చుని వినడం మంచి పని. ఆ రోజున మార్కులు, హాజరు, బడి బాగోగులు మాట్లాడుకుంటారు. ఇంకొక్క విషయానికి అక్కడ అరగంట ఇప్పించండి.

పదో తరగతి, ఇంటర్ పిల్లల నొప్పుల గురించి అడుగుతున్నాను. సోమవారం పొద్దున బడికి బయలుదేరే వేళకు మెలిపెట్టే కడుపు. ప్రీ ఫైనల్స్ వారంలో విడవని తలనొప్పి. దసరా సెలవులు అయిపోయి హాస్టలుకు తిరిగిపోయే ముందు రాత్రి వాంతులు. ఛాతీ పట్టేసినట్టుండడం, ప్రార్థనలో నిలబడితే కళ్లు తిరిగి పడిపోవడం. ఇంట్లోవాళ్లు ముందు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి, తర్వాత పులివెందులకు, అక్కడ తేలకపోతే కడపకు, ప్రొద్దుటూరుకు తిప్పుతారు. రక్తపరీక్ష, స్కానింగు, కొందరికి ఎండోస్కోపీ కూడా అవుతుంది. చివరికి డాక్టరు "ఏం లేదమ్మా, అంతా నార్మల్" అని గ్యాస్ బిళ్లలు రాస్తారు. పిల్లకు నొప్పి అలాగే ఉంటుంది. ఇంటికి పోయాక ఏం చేయాలో ఆ తల్లికి ఎవరూ చెప్పరు. ఇన్నేళ్లుగా పిల్లల్ని చూసి, ఈ విషయం మీద దొరికింది చదివి నేను గట్టిగా నమ్ముతున్నదేమంటే, ఆ నొప్పి కొన్ని వారాల్లో తగ్గుతుందా, ఏళ్లతరబడి వెంటాడుతుందా అన్నది చాలావరకు ఆ తర్వాత ఇంట్లో నడిచే తీరును బట్టే ఉంటుంది.

ముందు ఆ నొప్పి నిజమని ఒప్పుకోవాలి. 1950లలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జాన్ ఆప్లీ అనే పిల్లల డాక్టరు వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలిస్తే, దాదాపు పదిమందిలో ఒకరికి మళ్లీ మళ్లీ కడుపునొప్పి వస్తోందని తేలింది. అలాంటి నొప్పితో వచ్చిన వందమందికి అన్ని పరీక్షలూ చేయిస్తే ఎనిమిదిమందిలోనే శరీరంలో జబ్బు కనబడింది. మిగతా తొంభై రెండు మంది నటిస్తున్నారని దానికి అర్థం కాదు. మన పేగుల గోడల్లో కోట్లాది నాడీకణాల అల్లిక ఉంది. అది వేగస్ నాడి ద్వారా మెదడుతో రాత్రీ పగలూ మాట్లాడుతూనే ఉంటుంది. భయం పుడితే అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి, పేగుల కదలిక మారుతుంది. ఆ భయం రోజూ ఉంటే పేగుల్లోని నాడులు అతిసున్నితంగా తయారవుతాయి. మామూలుగా మనకు తెలియను కూడా తెలియని కాస్త గ్యాస్, కాస్త కదలిక ఆ పిల్లకు పొడిచినట్టు తెలుస్తుంది. స్కానింగులో కనబడేది పేగు ఆకారమే. నాడి ఎంత సున్నితంగా ఉందో ఆ యంత్రం చూపలేదు.

చేతివేళ్లు కొంకర్లు పోయి, మూతి చుట్టూ తిమ్మిరెక్కి పిల్ల పడిపోతే ఊళ్లో ఫిట్స్ అంటారు, లేదా గాలి సోకిందంటారు. నిమ్మకాయలు, తాయెత్తు, తర్వాత సెలైన్. చాలాసార్లు జరిగేది ఇదీ: బెదిరిపోయిన పిల్ల గబగబా ఊపిరి తీస్తుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతో కాల్షియం పనితీరు మారి వేళ్లు బిగుసుకుంటాయి. పక్కన నెమ్మదిగా కూర్చుని, ఊపిరి నిదానంగా బయటికి వదిలించగలిగితే సర్దుకుంటుంది. మొదటిసారి పడిపోయినప్పుడు మాత్రం డాక్టరు చూడాల్సిందే. అది మూర్ఛ వ్యాధా, కాదా అని తేల్చాల్సింది ఆయనే.

మా మండలం సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. వ్యర్థాల చెరువు దగ్గరి కనంపల్లె, కేకే కొట్టాల, మబ్బుచింతలపల్లె జనం తమ బోరునీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. అందుకే మా వైపు పిల్లకు కడుపు నొచ్చిందంటే తల్లికి ముందు నీళ్ల మీదే అనుమానం వస్తుంది. ఆ అనుమానాన్ని నేను కొట్టిపారేయను, మీరూ కొట్టిపారేయకండి. ఒత్తిడి వల్ల నొప్పులొస్తాయన్న మాటను అడ్డం పెట్టుకుని నీళ్ల ప్రశ్నను పక్కన పెట్టే ఆఫీసరు ఎవరైనా ఉంటే ఆయనకు ఈ లేఖలో ఒక్క వాక్యం కూడా ఆసరా కాకూడదు. ఆ ఊళ్ల బడుల్లో పిల్లలు తాగే నీళ్లను గనితో సంబంధం లేని ల్యాబులో పరీక్ష చేయించి, రిపోర్టును తెలుగులో బడి గోడ మీద అంటించండి. నీళ్ల భయం తీరితేనే ఆ తల్లికి రెండో మాట వినే ఓపిక వస్తుంది.

రక్తహీనత ఇంకొకటి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే 2019-21 నాటిది, మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో పదిమందికి ఆరుగురి దాకా రక్తం తక్కువని చెప్పింది. టిఫిన్ తినకుండా బడికొచ్చి కళ్లు తిరిగి పడిపోయే పిల్లకు ముందు హిమోగ్లోబిన్ చూడాలి, తర్వాతే మనసు మాట. బరువు తగ్గుతున్నా, నొప్పి నిద్రలోంచి లేపుతున్నా, జ్వరం ఉన్నా, విరేచనంలో రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, నొప్పి బొడ్డు చుట్టూ కాకుండా ఒక పక్కకే ఉన్నా ఇంకా వెదకాలి. నెలసరి నొప్పిని "ఆడపిల్లన్నాక తప్పదు" అని వదిలేయకూడదు. ఇవన్నీ చూసి, ఏమీ లేదని డాక్టరు చెప్పాక మొదలయ్యే కాలం గురించే నా బాధ.

అప్పుడు ఇళ్లలో ఏం జరుగుతోంది?

కొన్ని ఇళ్లలో కోపం. "బడి ఎగ్గొట్టేదానికి నాటకాలాడతాండావా?" అని రెండు దెబ్బలు. పక్కింటి పిల్లకు 580 వచ్చాయని దెప్పడం. ఈ ఇళ్లలో పిల్లకు భయమని చెప్పుకునే వీలుండదు, చదవలేకపోతున్నానని చెప్పుకునే వీలూ ఉండదు. ఒళ్లు నొస్తాందని చెప్పుకునేందుకే కాస్త చోటుంటుంది. అదీ నమ్మకపోతే ఇంకా గట్టిగా నొప్పి చూపాల్సి వస్తుంది. కావాలని చేసేది కాదది, శరీరమే ఆ పని చేస్తుంది.

ఇంకొన్ని ఇళ్లలో కంగారు. గంటకోసారి "ఇంకా నొస్తాందా నాయనా?" అని అడుగుతారు. తోట పనులు మానుకుని పక్కన కూర్చుంటారు. బడి మాన్పిస్తారు, అడిగింది వండుతారు, సూది వేయిస్తారు, గ్లూకోజు ఎక్కిస్తారు. ప్రేమతోనే చేస్తారు. ఈ ప్రేమ గురించి అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో లిన్ వాకర్ బృందం చేసి 2006లో ప్రచురించిన ప్రయోగాన్ని ప్రతి తల్లికీ చెప్పాలనిపిస్తుంది. పిల్లల చేత కడుపు నిండిపోయేంత నీళ్లు తాగించారు. ఇబ్బంది మొదలయ్యాక కొందరు తల్లిదండ్రులు నొప్పి గురించే అడుగుతూ ఓదార్చారు. కొందరు వేరే కబుర్లలోకి దించారు. ఇంకొందరికి ఏమీ చెప్పలేదు, వాళ్లకు తోచినట్టు వాళ్లున్నారు. అలా తోచినట్టున్న వాళ్ల పిల్లలతో పోలిస్తే, నొప్పి గురించే అడిగించుకున్న పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి. కబుర్లలో పడిన పిల్లలవి దాదాపు సగానికి తగ్గాయి. అప్పటికే కడుపునొప్పితో బాధపడుతున్న పిల్లల్లోనూ, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ ఇదే జరిగింది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో సంగతి: మాట మార్చితే పిల్లకు చెడు జరుగుతుందని కడుపునొప్పి పిల్లల తల్లిదండ్రులు భయపడ్డారు, పిల్లలు మాత్రం దానివల్లే బాగుందన్నారు.

అంటే కొట్టే ఇల్లూ, కంగారుపడే ఇల్లూ ఒకే నొప్పిని రెండు దారుల్లో పెంచుతున్నాయి. పల్లెల్లో పేద తల్లికి దెబ్బలు మాన్పించడం గురించి ఎవరో ఒకరు చెబుతారు. కంగారు మాన్పించడం గురించి ఎవరూ చెప్పరు. పైగా ఆ కంగారు మీద బతికే మందుల షాపులు, స్కానింగు సెంటర్లు చాలా ఉన్నాయి.

మూడో రకం ఇల్లు బయటికి కనబడదు. అక్కడ దెబ్బ ఉండదు, కేక ఉండదు. "నీ చదువు కోసమే మీ నాయన కువైట్‌లో ఆ ఎండలో చస్తాండాడు." "నీ ఫీజుకే చీనీ తోట కుదువ పెట్టినాం." "నువ్వు సీటు తేకుంటే మేము ఊళ్లో తలెత్తుకోలేం." మార్కులు తగ్గిన రోజు అమ్మ మాట్లాడకుండా ఉండిపోతుంది. వీడియో కాల్‌లో నాయన ముఖం ముడుచుకుంటాడు. చెప్పే ప్రతి మాటా నిజమే. కష్టం నిజం, అప్పు నిజం. కానీ పదిహేనేళ్ల పిల్ల భుజాన ఆ అప్పు కూర్చుంటుంది. పిల్ల ప్రవర్తనకు హద్దు పెట్టడం వేరనీ, ప్రేమను ఆపేసి, అపరాధ భావం పెంచి మనసును లొంగదీయడం వేరనీ బ్రయాన్ బార్బర్ అనే పరిశోధకుడు 1996లో విడదీసి చూపాడు. మొదటిది పిల్లకు అవసరం. రెండోది లోపల దిగులై కూర్చుంటుంది. కొట్టే నాయన మీద పిల్ల కనీసం కోపం తెచ్చుకోగలదు. తనకోసం కష్టపడే నాయన మీద ఏ పిల్ల కోపం తెచ్చుకోగలదు? అందుకే ఆ పిల్లలు నోరు విప్పరు. బాగా చదివే, ఎదురు చెప్పని, అందరూ మెచ్చుకునే ఆడపిల్లలకు ఈ తలనొప్పులు, ఈ కడుపునొప్పులు ఎక్కువగా రావడం నేను తరగతి గదిలో చూస్తూ వచ్చాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 44 దేశాల్లో దాదాపు 2,80,000 మంది పిల్లలను అడిగి 2021-22లో చేసిన సర్వేలోనూ పదిహేనేళ్ల అమ్మాయిల్లో మూడింట రెండొంతుల దాకా చదువు ఒత్తిడిగా ఉందన్నారు. అబ్బాయిల కన్నా చాలా ఎక్కువ. ఆ 44 దేశాల్లో మన దేశం లేదు.

మన దేశంలో నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నాయని చెప్పింది. అది పన్నెండు రాష్ట్రాల్లో జరిగింది, అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. మన పిల్లల లెక్క మనం తీసుకోవాల్సి ఉంది.

ఈ ఒత్తిడి మా ప్రాంతంలో ఏ వయసుకు వచ్చి పడుతుందో కూడా మీకు తెలియాలి. మాకు పక్కనే వేంపల్లె మండలం ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి మార్కులతోనే సీటు. ప్రభుత్వ బడి పిల్లలకు నాలుగు శాతం కలుపుతారు. కూలి ఇంటి పిల్ల ఆరేళ్లు చదివి ఇంజినీరై బయటికి వస్తోందంటే అంతకన్నా ఏం కావాలి? దాన్ని తక్కువ చేసి ఒక్క మాట కూడా అనను. కానీ జీవితమంతా ఆ 600 మార్కుల మీదే ఉందన్న నమ్మకం పదిహేనో ఏటనే ఇంట్లో స్థిరపడిపోతుంది. సీటు రాని పిల్ల బైపీసీకో ఎంపీసీకో దూరంగా రెసిడెన్షియల్ కాలేజీలో పడుతుంది. తెల్లవారక ముందే లేపి, రాత్రి పది దాటేదాకా స్టడీ అవర్. ఆ వయసు శరీరానికి రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని నాడులకు నొప్పి ఎక్కువ తెలుస్తుంది. అది వైద్యశాస్త్రం చెప్పే మామూలు సంగతే. వారానికో నెలకో ఒకసారి దొరికే ఫోనులో పిల్ల "కడుపు నొస్తాందిమా" అంటే, అవతల నుంచి "మార్కులు ఎన్నొచ్చినాయి?" అని వినబడుతుంది.

మరి ఏం చేయాలి? చేయగలిగింది ఉంది, అందుకే ఇంత రాస్తున్నాను. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో రోనా లెవీ బృందం ఇలాంటి కడుపునొప్పి ఉన్న 200 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2010లో వచ్చింది. పిల్లలతో, తల్లిదండ్రులతో కలిపి మూడు సిట్టింగులు. నొప్పికి ఎలా స్పందించాలో తల్లిదండ్రులకు, నొప్పి గురించి ఎలా ఆలోచించాలో, శరీరాన్ని ఎలా వదులు చేసుకోవాలో పిల్లలకు నేర్పారు. మామూలు ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్న బృందం కన్నా వీళ్లలో నొప్పి ఎక్కువగా తగ్గింది. మూడు సిట్టింగులంటే మన పీహెచ్‌సీ, మన బడి మోయలేనంత బరువు కాదు.

తల్లిదండ్రులకు చెప్పాల్సింది కూడా పెద్ద శాస్త్రమేమీ కాదు. "నీకు నొప్పి ఉందని నాకు తెలుసు. డాక్టరు చూసినాడు, ప్రమాదం లేదన్నాడు. పద, ముఖం కడుక్కో, తిని బడికి పోదువు" అని నెమ్మదిగా ఒక్కసారి చెప్పగలగాలి. నమ్మినట్టు పిల్లకు తెలియాలి, బడి ఆగదనీ తెలియాలి. నొప్పి ఎలా ఉందని గంటగంటకూ అడగడం మానాలి. పూట పూటకు పిల్లతో వేరే మాటలు మాట్లాడాలి, క్లాసులో ఎవరెవరు స్నేహితులో, ఏం నవ్వుకున్నారో. పూర్తిగా మాన్పించాక మళ్లీ బడికి పంపడం చాలా కష్టం, అందుకే సగం రోజైనా పోనివ్వాలి. పొద్దున తిండి, రాత్రి నిద్ర విషయంలో గట్టిగా ఉండాలి. నొప్పి లేని రోజున, పొలానికి పోతూనో అంట్లు తోముతూనో, "బడిలో నీకు ఏది కష్టంగా ఉంది?" అని ఒక్క ప్రశ్న వేసి, జవాబుకు కోప్పడకుండా వినాలి. ఆ జవాబులో ఒక్కోసారి తిట్టే సారు ఉంటాడు, ఏడిపించే మగపిల్లాడు ఉంటాడు, అర్థంకాని లెక్కలుంటాయి, ఇష్టంలేని బైపీసీ ఉంటుంది. అలాంటప్పుడు నొప్పికి మందు ఇంట్లో కాదు, బడిలో వెతకాలి. ఆప్యాయతా కట్టుబాటూ కలిసి ఉన్న పెంపకమే పిల్లలకు మేలని అరవైల్లో డయానా బామ్‌రిండ్ మొదలుపెట్టిన పరిశోధనలు చెబుతూ వస్తున్నాయి. మా ఊళ్లలో అలా పెంచే అవ్వలు ఇప్పటికీ ఉన్నారు. ఆ పద్ధతిని చదువు భయం మింగేస్తోంది.

మీ ప్రభుత్వం మీద కొత్త భారమేదో వేస్తున్నానని అనుకోకండి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టులో జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా తీర్పిచ్చారు. పదిహేను మార్గదర్శకాలు పెట్టారు. వందమందీ అంతకు మించీ విద్యార్థులున్న చోట కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలన్నారు. మార్కుల ప్రకారం బ్యాచులు విడగొట్టొద్దన్నారు, పదిమందిలో పరువు తీయొద్దన్నారు. తల్లిదండ్రులకు క్రమం తప్పకుండా అవగాహన కల్పించాలన్నారు. ఆ కేసులో ప్రతివాది మన రాష్ట్రమే. ఆ చివరి ఆదేశాన్ని నెరవేర్చే వేదికను మీరు తీర్పుకు ముందే కట్టారు. దాన్ని వాడుకోమని అడుగుతున్నాను.

వచ్చే మెగా పీటీఎంలో ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలున్న ప్రతి చోటా ఈ అరగంట ఉండాలి. ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీలకు కూడా తప్పనిసరి చేయాలి, ఎందుకంటే అవసరం అక్కడే ఎక్కువ. పీహెచ్‌సీ డాక్టరు వచ్చి ఊరి మాటల్లో చెప్పాలి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో పది నుంచి పందొమ్మిదేళ్ల పిల్లల మానసిక ఆరోగ్యం ఎలాగూ భాగమే కాబట్టి వైద్యశాఖ దీన్ని తన పని కాదనలేదు. నాయనలు కూడా రావాలి. గనికీ, సిమెంటు ఫ్యాక్టరీకీ షిఫ్టు పోయేవాళ్లకు ఆ పూట జీతం కోత లేకుండా సెలవు ఇప్పించండి. ఒక కాగితం ఇవ్వండి. ఏ లక్షణాలుంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలో, అన్నీ నార్మల్ వచ్చాక ఇంట్లో ఎలా మెలగాలో దాని మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. చివర మానసిక సహాయం అందించే టెలీ మానస్ నంబరు 14416 ఉండాలి. రాత్రయినా పగలైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారని, పిల్లలే కాదు తల్లులు కూడా ఫోను చేయవచ్చని చెప్పాలి. కువైట్ నుంచి ఫోను చేసే నాయనకు ఆ కాగితం ఫోటో వాట్సాప్‌లో పంపుకోవచ్చు.

ఇక కౌన్సెలర్ల సంగతి. వేముల లాంటి మండలంలో ప్రతి హైస్కూలుకూ ఒకరిని ఈ ఏడే వేయలేరని నాకు తెలుసు. మండలానికి ఒకరిని వేసి, వారంలో ఒక రోజు ఒక్కో బడికి పంపండి. కడప రిమ్స్ మానసిక వైద్య విభాగం నుంచి వాళ్లకు శిక్షణ ఇప్పించండి. ఆ అరగంటలో ఏం చెప్పాలో రాసేటప్పుడు పిల్లల డాక్టర్లతో పాటు పల్లె బడుల టీచర్లను, ఇద్దరు ముగ్గురు తల్లులను కూడా కూర్చోబెట్టండి. పిలిస్తే వేముల నుంచి నేను వస్తాను.

ఇట్లు,
వేముల మండలం నుంచి
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచరు